ఓరుగల్లు అంగడి

కాకతీయుల ఓరుగల్లులో విలువైన సరకుల వర్తకము పెరిగినది. కోటలోని చోటు మాత్రము పెరుగలేదు. తుపానుచే ఒడ్డుచేరిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండగా, గణపతిదేవుడు 1244లో మోటుపల్లి అభయశాసనమున ఆ ఆచారమును మాన్పి, న్యాయమైన సుంకములను నిర్ణయించెను. కర్పూరము, ముత్యములు, పగడములు, దంతము, పట్టునూలు ఆ పట్టికలో నున్నవి.

రాజధాని నడిమి రాతికోట యుద్ధమునకై కట్టినది. దానికి ద్వారములు నాలుగే. నడుమ స్వయంభూదేవాలయము. ప్రాకారమును అంగళ్లకై వెనుకకు జరుపుట సాధ్యమా? పెద్ద అంగడి కోట వెలుపల మట్టెవాడలో సాగినది.

1323లో ఆ రాజ్యము కూలినది. మట్టెవాడ నేటికిని వరంగల్లులో ఆ పేరుతోనే యున్నది. గోడ కట్టించిన రాజుల చరిత్రతోపాటు, గోడ వెలుపల త్రాసు పట్టిన వర్తకుల చరిత్రయు మనము చదువదగినదే.