పాత దిమ్మకు కొత్త మూత

అమెరికాలో ఫోర్డు కంపెనీ 1932లో వి-8 ఇంజిన్‌ను సామాన్యుడి కారులోకి తెచ్చింది. ఎనిమిది సిలిండర్ల దిమ్మంతా ఒకే ఇనుప పోత. వాల్వులు కూడా దిమ్మలోనే ఉంటాయి గనుక పైనున్న హెడ్డు చూడటానికి ఉత్త మూత. అలా అనుకోకండి! పెట్రోలు మండే గది ఆ మూత అడుగునే ఉంది. గది చిన్నదైతే ఒత్తిడి పెరుగుతుంది, దానితో శక్తీ పెరుగుతుంది. కాలిఫోర్నియాలో మ్యూరాక్ ఎండు సరస్సు మీద పందేలాడిన కుర్రకారుకు ఈ కిటుకు తెలుసు. విక్ ఎడెల్‌బ్రాక్ వంటివారు అల్యూమినియం హెడ్లు పోయించి విడిగా అమ్మారు.

చిక్కంతా అమరికలోనే. తొలి దిమ్మలకు హెడ్డుకు 21 స్టడ్లు. 1938లో అవి 24 అయ్యాయి. 1949 కార్లలో స్టడ్ల బదులు బోల్టులు వచ్చాయి, నీళ్లు బయటికి పోయే దారీ మారింది. మీ దిమ్మ ఏ ఏటిదో తేల్చుకున్నాకే హెడ్డు కొనండి.

హెడ్డు రంధ్రం స్టడ్డు కన్నా కాస్త వెడల్పు. ఆ సందులో హెడ్డు పక్కకు జరిగితే వాల్వు గది అంచుకు తగలవచ్చు. అందుకే మెకానిక్కులు పిస్టన్ల మీద, వాల్వుల మీద మెత్తటి బంకమట్టి పెట్టి, గాస్కెట్ వేసి, హెడ్డు బిగించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతారు. తరువాత విప్పి, నలిగిన మట్టి మందం కొలుస్తారు. మోటు పద్ధతే, కాని నమ్మదగినది.

ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుము కన్నా సుమారు రెండింతలు సాగుతుంది. కనుక ఇంజిన్ ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాకే నట్లు మళ్లీ బిగించాలి, మధ్య నుంచి అంచులకు. రేడియేటర్ నీళ్లలో తుప్పు పట్టనివ్వని మందు కలపకపోతే హెడ్డు స్టడ్లకు అతుక్కుపోతుంది. ఏళ్ల తరువాత ఊడదీయబోతే స్టడ్డు దిమ్మలోనే విరగవచ్చు. అమెరికాలో ఫోర్డు ఆ దిమ్మను 1953 తరువాత కార్లలో వాడలేదు.