పాత కంప్యూటరును, తెలుగు వ్రాతయు

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో అనేక కుటుంబములకు ఇంటి భాష తెలుగు. బడి భాష కన్నడము. ఈ రెండింటికిని నడుమ మన పెద్దలు పొరపొచ్చెము రానీయలేదు. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణ యతీంద్రులు, మనము తాతయ్యగారని పిలుచుకొను మహానుభావులు, తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిరి. ఆ తెలుగు తత్త్వములను కన్నడ లిపిలో చదివి భజన చేయువారు నేటికిని మన గ్రామములలో కలరు.

ఇట్టి సీమలో పాత కంప్యూటరునకు ఏమి పని యని చదువరులు అడుగవచ్చును. మా యింట 2005 నాటి కంప్యూటరొకటి కలదు. మా భజన కూటమువారి పాటలను అందు ఒక తెలుగు ఫాంటుతో టైపు చేసి యుంచితిని. ఇటీవల ఆ ఫైళ్లను క్రొత్త యంత్రమున తెరచి చూడగా, తెలుగు అక్షరములకు మారుగా అర్థము లేని ఆంగ్ల చిహ్నములు కనిపించినవి. పాత యంత్రమును తూకమునకు వేయుడని దుకాణదారుడొకడు సలహా ఇచ్చెను. వేసియుండినచో ఆ పాటలును దానితోనే పోయెడివి. ఇట్లేల జరిగినదో తెలియవలెనన్న కొంత చరిత్ర తెలియవలెను.

మన దేశమున బడిపిల్లలు కంప్యూటరును చూచుట 1984–85లో ఆరంభమైన ‘క్లాస్’ పథకముతో విస్తరించెను. ఇంగ్లండులో 1981లో వెలువడిన బీబీసీ మైక్రో అను యంత్రమును సుమారు 250 పాఠశాలలకు తొలుత ఇచ్చిరి. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. బేసిక్ భాష యంత్రములోనే యుండెను. తక్కిన సాఫ్టువేరు క్యాసెట్టు మీదనో ఫ్లాపీ మీదనో వచ్చెడిది. ఆ కాలపు గృహ కంప్యూటర్ల యజమానులు పత్రికలలో అచ్చైన ప్రోగ్రాములను చూచి చేతితో టైపు చేసికొనెడివారు. సాఫ్టువేరును వెదకుట నాడును శ్రమయే.

తరువాత డాస్‌తో నడచు పీసీలు వచ్చినవి. వానిలో భారతీయ లిపులు కనబడుటకు కాన్పూరు ఐఐటీలో మొలకెత్తి, పూనాలోని సీడాక్ సంస్థలో పెరిగిన ‘జిస్ట్’ విధానము తోడ్పడెను. దానికి ఆధారమైన ‘ఇస్కీ’ సంకేతము 1991లో భారతీయ ప్రమాణముగా స్థిరపడినది. అందలి విశేషమేమనగా, తెలుగు ‘క’కును కన్నడ ‘క’కును సంఖ్య యొక్కటియే. లిపిని మార్చినచో అదే వ్రాత మరియొక లిపిలో కనబడును. మన సీమవారికి ఇంతకన్న అనుకూలమైన యేర్పాటు వేరొకటి లేదు.

కాని విండోసు వ్యాపించిన పిమ్మట ముద్రణాలయములు ఫాంటుల వైపు మరలినవి. ఆ ఫాంటులు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు తునకలను కూర్చినవి. ఒక్కొక్క సంస్థ కూర్పు ఒక్కొక్క తీరు. ఫాంటు ఉన్నచో తెలుగు, లేనిచో చిహ్నముల కుప్ప. నా పాటలకు పట్టిన గతి ఇదియే. 2000 ప్రాంతమున కర్ణాటకలో ‘భూమి’ పథకము వలన సుమారు 2 కోట్ల పహణీలు కంప్యూటరులోనికి ఎక్కినవి. సర్కారు కన్నడమునకు అంతటి యేర్పాటు చేసికొన్నది. మన యింటి తెలుగునకు అట్టి దిక్కు లేదు, మనమే చూచుకొనవలెను.

యూనికోడు ఈ చిక్కును తీర్చినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు కూడ వచ్చెను. కాని 2014 ఏప్రిలు 8 తరువాత ఎక్స్‌పీకి రక్షణ సవరణలు నిలిచిపోయినవి. కావున అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలింపక, వ్రాతకును చదువునకును మాత్రము వాడుట క్షేమము.

మరి పాత యంత్రమునకు పనికివచ్చు సాఫ్టువేరు ఏది? మొదటి పని ఫైళ్లకు, ఫాంటులకు వేరొకచోట నకలు తీయుట. పిదప యంత్రము 32 బిట్లదా, 64 బిట్లదా, జ్ఞాపకశక్తి యెంత యని చూడవలెను. డాస్ కాలపు ప్రోగ్రాములకు 1994లో జిమ్ హాల్ ఆరంభించిన ఫ్రీడాస్ కలదు. తక్కువ జ్ఞాపకశక్తి గల యంత్రములకై 2003లో బారీ కౌలర్ పప్పీ లినక్సును వెలువరించెను. 2023లో వచ్చిన డెబియన్ 12ను 32 బిట్ల యంత్రమునను స్థాపింపవచ్చును. 2025లో వచ్చిన 13వ కూర్పులో ఆ సౌకర్యమును తొలగించిరి. ఇవి యన్నియు ఉచితములు. 512 మెగాబైట్ల యంత్రమున వీడియోలు చూడవలెనన్న ఆశ వలదు. తెలుగు టైపు చేయుటకు అది చాలును.

ఫాంటు వ్రాతను యూనికోడుగా మార్చుటకు వెన్న నాగార్జునగారు ‘పద్మ’ అను ఉపకరణమును ఫైర్‌ఫాక్స్ కొరకు రచించిరి. తెలుగు వికీపీడియాను 2003లో ఆరంభించినదియు వారే. పద్మకు తెలిసిన ఫాంటులు కొన్నియే. పైగా 2017 నవంబరున వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57లో పాత పద్ధతిలో వ్రాసిన పొడిగింపులు చెల్లవైనవి. అట్టివి నడువవలెనన్న పాత ఫైర్‌ఫాక్సే కావలెను. దానికి పాత యంత్రమే తగిన చోటు. నా ఫాంటునకు అట్టి ఉపకరణమేదియు దొరకలేదు. పాత తెర మీద పాటను చూచుచు, ప్రక్క యంత్రమున మరల టైపు చేసితిని. గుమాస్తాగిరి చేసిన చేతులకు నకలు వ్రాయుట క్రొత్త కాదు.

కన్నడ లిపిలోనున్న తెలుగు పాటల సంగతి ఇంతకన్న సులభము. యూనికోడు ఇస్కీ వరుసనే అనుసరించుటచే, తెలుగు ‘క’ సంఖ్య 3093 కాగా, కన్నడ ‘క’ సంఖ్య 3221. భేదము 128. కొన్ని విశేషాక్షరములు తప్ప తక్కిన వాని కెల్ల భేదమింతియే. కన్నడ లిపిలో యూనికోడున టైపు చేసిన తెలుగు పాట నుండి ప్రతి యక్షరమునకును 128 తీసివేసినచో తెలుగు లిపి వచ్చును. నాలుగైదు పంక్తుల ప్రోగ్రాము ఈ పని చేయును. ఇరువది యేండ్ల నాటి యంత్రము దీనికి అలసిపోదు.

మన యిండ్లలో మూలబడిన కంప్యూటర్లను తూకమునకు వేయుటకు ముందు ఒక్కమారు వెలిగించి చూడవలెనని నా మనవి. అందు తాతల పాట యొకటి యుండవచ్చును. దానిని బయటికి తీసి, కన్నడ లిపి చదువు మనుమనికి ఆ లిపిలోను, తెలుగు లిపి చదువు చుట్టమునకు ఈ లిపిలోను ఇచ్చినచో, రెండు లిపులును ఒకే పాటను పాడును.