ప్లా కాట్

మన అక్వేరియం దుకాణాల్లో ‘ఫైటర్’ అని అమ్మే చేపను థాయ్‌లాండ్‌లో ‘ప్లా కాట్’ అంటారు. ప్లా అంటే చేప, కాట్ అంటే కరవడం. యుద్ధమన్న భావం ఇంగ్లీషు పేరుతోనే వచ్చి చేరింది. 1910లో చార్లెస్ టేట్ రీగన్ పెట్టిన శాస్త్రీయనామం ‘బెట్టా స్ప్లెండెన్స్’ చెప్పేది దాని శోభ గురించే. పందేల కోసమే దాన్ని తరతరాలుగా పెంచారు కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ కోపాన్ని ఏరి ఏరి పెంచింది మనుషులే. వరిమళ్ల నీళ్లలో మగచేప కరిచేది తన చోటు కోసం, నురగగూట్లోని గుడ్ల కోసం. ఓడిన చేప పారిపోతే గొడవ అక్కడితో సరి. పందెపు సీసాలో పారిపోయే దారేదీ? పైకొచ్చి గాలి పీల్చుకోగలదు గనక పెంచడానికి చిన్న సీసా చాలనేది ఇంకో వాదన. ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో బతకడానికి దానికున్న ఉపాయమది, ఇరుకు దానికి సుఖమని ఎలా అనగలం? ఒక్కో మగచేపకు 20 లీటర్ల తొట్టి, 26 డిగ్రీల నీరు, నాలుగు మొక్కలు ఇవ్వండి.