కోడి యెముకలలోని సున్నము



వయసు మళ్లిన పెట్ట తోలుగ్రుడ్డు పెట్టినంతనే, "ఇక దీని పని యైపోయినది" అని తీర్పు చెప్పుట మన యిండ్లలో వాడుక. నేనును అట్టి తీర్పు చెప్పినవాడనే. అది యెంతవరకు న్యాయమో తెలియవలెనన్న రెండు శతాబ్దములు వెనుకకు పోవలెను.

1799లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వోక్లాన్ ఒక కోడిని ఓట్సు అను ధాన్యముతో మాత్రమే మేపెను. తిన్న ధాన్యములో సున్నమెంతయో, గ్రుడ్ల పెంకులలోను రెట్టలోను వెలువడిన సున్నమెంతయో తూచి చూచెను. తిన్నదానికంటె వెలువడినదే యధికమయ్యెను! ఆ కోడి దేహములోనే సున్నము క్రొత్తగా పుట్టినదేమో యని ఆయన తలచెను. కాని రసాయన క్రియలలో పదార్థమేదియు క్రొత్తగా పుట్టదని ఆ దేశస్థుడే యగు లావోయిజే 1789లోనే వ్రాసియుండెను. మరి యీ సున్నమెచ్చటిది?

అది కోడి యెముకలలోనిది. 1934లో కైస్, పోటర్ అను శాస్త్రజ్ఞులు ఆడపావురములను పరిశోధించి, గ్రుడ్లు పెట్టుటకు ముందు వాని యెముకల మూలుగలో క్రొత్త యెముక యేర్పడుచున్నదని తెలిపిరి. కోళ్లలోను ఇట్టి నిధి గలదని పిమ్మట తేలినది. పెంకు కట్టునప్పుడు మేత చాలనిచో పెట్ట యీ నిధి నుండి తీసికొనును. అదియు తరిగినచో తన్ను మోయు యెముకలనే కరగించుకొనును.

లెక్క చూడుడు. ఒక్క పెంకునకు సుమారు 2 గ్రాముల కాల్షియము పట్టును. పెట్ట దేహమంతటను ఉన్నది సుమారు 20 గ్రాములే. 100 గ్రాముల జొన్నలలో గ్రాములో 30వ వంతైనను దొరకదు. రాగులలో సైతము సుమారు మూడవ వంతే. వయసు ముదిరిన కొలది గ్రుడ్డు పెద్దదగును, పెంకుసరుకు మాత్రము ఆ పాళ్లలో పెరుగదు. మేతలోని కాల్షియమును గ్రహించు శక్తియు తగ్గును. కనుకనే పెంకు పలుచనగును.

దీనికి విరుగుడు మన చేతిలోనిదే. ఆలిచిప్పలను, నత్తగుల్లలను కడిగి, జొన్నగింజంత ముక్కలుగా దంచి, వేరొక మూకుటిలో సాయంకాలము పెట్టుడు. పెట్ట తనకు కావలసినంత తానే యేరుకొనును. పెంకు కట్టుట చాలవరకు రాత్రివేళ జరుగును. ముతక ముక్కలు కడుపులో నిలిచి మెల్లగా కరగుచు అప్పటికి అక్కరకు వచ్చును. కాల్చిన సున్నము మాత్రము పెట్టరాదు. కోడిపిల్లల మేతలోను ఈ చిప్పలు కలుపరాదు, అధికమైన కాల్షియము వాని మూత్రపిండములను చెరచును.

చిప్పలొక్కటే చాలవు, ఎండయు కావలెను. ఎముకలకు బలమిచ్చు డి విటమినును 1922లో అమెరికాలో మెకాలమ్ కాడ్‌చేప నూనెలో గుర్తించెను. ఎండలో తిరుగు కోడి దానిని తన చర్మముననే సిద్ధము చేసికొనును. రాత్రింబవళ్లు గంప క్రింద మూసిన కోడికి ఆ భాగ్యము లేదు.

వయసుతో గ్రుడ్ల సంఖ్య తగ్గుటను ఏ చిప్పయు ఆపజాలదు. కాని పగులు గ్రుడ్డును చూచి పెట్టను నిందించుటకు ముందు, మనమిచ్చిన మేతను తూచి చూతము. మన మీయని సున్నమును అది తన యెముకల నుండి యిచ్చినది.