విలియం జిలెట్

విలియం హుకర్ జిలెట్ (1853 జూలై 24 – 1937 ఏప్రిల్ 29) అమెరికా రంగస్థల నటుడు, నాటక రచయిత, దర్శకుడు. షెర్లాక్ హోమ్స్ పాత్రను మూడు దశాబ్దాలకు పైగా, 1,300 సార్లకు మించి వేదికెక్కించాడు. అదే పాత్రతో 1916లో ఒక మూకీ చిత్రంలో నటించాడు. ఆ చిత్రం దాదాపు వందేళ్లు ఎవరికీ కనబడకుండా పోయి, 2014లో పారిస్‌లో బయటపడింది. గొంతు పెంచకుండా, చూపుతోనూ చేతి కదలికతోనూ కథ నడపడం జిలెట్ పద్ధతి. సినిమా ఇంకా పుట్టకముందే ఆయన నటన సినిమాకు తగ్గట్టు తయారైంది. తీరా సినిమా ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆయనకు అరవై రెండేళ్లు.

కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో, నూక్ ఫామ్ అనే పేటలో జిలెట్ పుట్టాడు. తండ్రి ఫ్రాన్సిస్ జిలెట్ కొంతకాలం అమెరికా సెనేట్ సభ్యుడు. బానిసత్వాన్ని రద్దు చేయాలనీ మద్యం మాన్పించాలనీ పోరాడిన మనిషి. తల్లి ఎలిజబెత్‌ది హార్ట్‌ఫర్డ్‌కు పునాది వేసిన థామస్ హుకర్ వంశం. ఇరుగుపొరుగు కూడా సామాన్యులు కారు: హ్యారియెట్ బీచర్ స్టో, మార్క్ ట్వెయిన్ ఆ పేటవాళ్లే. అంతటి పెద్దింటి పిల్లవాడు నాటకాల్లో చేరతాననడం ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లకు మింగుడుపడే మాట కాదు. కుర్రవాడు వినలేదు. దక్షిణాన న్యూ ఆర్లీన్స్ దాకా పోయి ఒక నాటక సంస్థలో జీతం లేకుండా పనిచేశాడు. చివరికి అక్కరకొచ్చింది పొరుగింటి ట్వెయినే. ఆయన సిఫారసు మీద 1875లో బోస్టన్‌లోని గ్లోబ్ థియేటర్‌లో, ట్వెయిన్ రచన ‘ది గిల్డెడ్ ఏజ్’ నాటకంలోనే, చిన్న వేషం దొరికింది.

1881లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ థియేటర్‌లో ‘ది ప్రొఫెసర్’ ఆడింది. రాసింది, నడిపించింది, ముఖ్యపాత్ర వేసింది అన్నీ జిలెట్టే. ఆ తర్వాత కూడా ఆయన తన వేషాలు చాలా మటుకు తానే రాసుకున్నాడు. తన ఒడ్డూ పొడవూ, పొడి గొంతూ ఏ పాత్రకు నప్పుతాయో ఆయనకు బాగా తెలుసు. 1886 నాటి ‘హెల్డ్ బై ది ఎనిమీ’ అమెరికా అంతర్యుద్ధం మీద రాసిన నాటకం. యుద్ధం ముగిసి అప్పటికి ఇరవై ఏళ్లే. ఉత్తరాదివారినీ దక్షిణాదివారినీ ఇద్దరినీ మర్యాదగా చూపించడం చిన్న విషయం కాదు. ఆ రోజుల్లోనే తెర వెనక గుర్రపు డెక్కల చప్పుడు పుట్టించే కొత్త పద్ధతి కనిపెట్టి, 1887లో దానికి పేటెంటు తీసుకున్నాడు. గుర్రం దగ్గరకొస్తోందా, దూరంగా పోతోందా, దౌడు తీస్తోందా, మామూలు నడకా అన్నది ప్రేక్షకుడికి చెవితోనే తెలియాలన్నది ఆయన పట్టుదల. నటుడు శబ్దయంత్రానికి పేటెంటు పుచ్చుకోవడం వింతగా అనిపించవచ్చు కానీ, వేదిక మీద వెలుగూ చప్పుడూ కూడా నటనలో భాగమేనని నమ్మినవాడికి అది సహజమే.

1882లో హెలెన్ నికల్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1888లో అపెండిక్స్ పగిలి ఆమె చనిపోయింది. జిలెట్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ దిగులు తీరకముందే క్షయ పట్టుకుంది. నార్త్ కరొలైనాలో ట్రయాన్ అనే ఊరి కొండల్లో కొన్నేళ్లు గడిపి కోలుకున్నాడు. 1894లో ‘టూ మచ్ జాన్సన్’ అనే హాస్య నాటకంతో తిరిగొచ్చాడు. అప్పటికి నిర్మాత చార్ల్స్ ఫ్రోమన్ ఆయనకు అండగా ఉన్నాడు. 1915లో లూసిటేనియా ఓడతో పాటు ఫ్రోమన్ మునిగిపోయేదాకా వాళ్లిద్దరి జోడీ చెదరలేదు.

నటుడిగా జిలెట్‌ను నిలబెట్టింది ‘సీక్రెట్ సర్వీస్’. 1896లో న్యూయార్క్ గారిక్ థియేటర్‌లో, మరుసటి ఏడు లండన్‌లో ఆడింది. శత్రు నగరమైన రిచ్‌మండ్‌లో ఉత్తరాది గూఢచారి ఒక్క సాయంత్రం వేళ పడే పాట్లు ఇందులో కథ. టెలిగ్రాఫ్ ఆఫీసు రంగం ప్రేక్షకులను కట్టిపడేసేది. గూఢచారి దొంగ సందేశం పంపుతూ ఉంటే కిటికీలోంచి తుపాకి పేలి చేతికి గాయమవుతుంది. అప్పటి నాటకాల్లో అయితే అక్కడ అరుపు, ఒక ఉపన్యాసం ఖాయం. జిలెట్ చేతికి రుమాలు చుట్టుకుని మళ్లీ తన పనిలో పడతాడు. ఆ నిబ్బరాన్ని చూసి జనం ఊపిరి బిగబట్టేవారు. చుట్టూ అందరూ కేకలేస్తుంటే తాను మాత్రం ఉలకడు పలకడు. అందుకే అందరి కళ్లూ ఆయన మీదే ఉండేవి.

ఈ పద్ధతికి ఆయన సిద్ధాంతం కూడా చెప్పాడు. 1913లో చేసి, తర్వాత పుస్తకంగా అచ్చైన ప్రసంగంలో ఆయన వాదన సారాంశం ఇది: నటుడికి తర్వాతి మాట ముందే తెలుసు, పాత్రకు తెలియదు. వందోసారి ఆడుతున్నా, ఆ మాట అప్పుడే తోచినట్టు, ఒక్క క్షణం తడుముకున్నట్టు పలకాలి. చూసేవాడికి ఇదంతా ఇప్పుడే మొదటిసారి జరుగుతోందనిపించాలి. ఇవాళ్టి నటనా శిక్షణ తరగతుల్లో ఇది మామూలు పాఠమే. అప్పట్లో నటులకు ఇది అలవాటు లేని దారి.

హోమ్స్ కథ డబ్బు అవసరంతో మొదలైంది. హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయల్ 1893లోనే కథల్లో హోమ్స్‌ను చంపేశాడు. తర్వాత ఖర్చులు మీదపడి హోమ్స్ మీద ఒక నాటకం రాశాడు. ఆ హక్కులు కొన్న ఫ్రోమన్, దాన్ని తిరగరాసే పని జిలెట్‌కు అప్పగించాడు. హోమ్స్‌కు పెళ్లి చేయవచ్చా అని జిలెట్ తంతి కొడితే, పెళ్లి చేసినా, చంపినా, నీ ఇష్టం అన్న అర్థంలో డాయల్ జవాబిచ్చాడు. 1898 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో బాల్డ్విన్ హోటల్ తగలబడి రాతప్రతి బూడిదైంది. కార్యదర్శి అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చి ఆ సంగతి చెబితే, తానున్న హోటల్ కూడా కాలుతోందా అని అడిగి, కాదని తెలిశాక జిలెట్ మళ్లీ నిద్రపోయాడని చెబుతారు. నిజమో కాదో గాని, మనిషి స్వభావానికి మాత్రం సరిపోయే కథ. నాటకాన్ని మళ్లీ మొదటినుంచీ రాశాడు.

‘షెర్లాక్ హోమ్స్’ 1899 అక్టోబరు 23న బఫెలోలో, నవంబరు 6న న్యూయార్క్ గారిక్ థియేటర్‌లో మొదలైంది. 1901లో లండన్ లైసియం థియేటర్‌కు వెళ్లింది. డాయల్ కథల్లోంచి ముక్కలు ఏరి, ఆలిస్ ఫాక్‌నర్ అనే యువతిని చేర్చి, అల్లిన మెలోడ్రామా అది. కథగా గొప్పదేం కాదు. అందులో స్టెప్నీ గ్యాస్ చాంబర్ రంగం ఒక్కటి చాలు. హోమ్స్‌ను ఒక గదిలో బంధించి విషవాయువుతో చంపాలని దొంగలు పన్నాగం పన్నుతారు. హోమ్స్ దీపం పగలగొడతాడు. వేదికంతా చీకటి. చీకట్లో వెలిగే చుట్ట మొన ఒక్కటే కనిపిస్తుంది. దొంగలు దానివైపే దూకుతారు. లాంతరు తెచ్చి చూస్తే చుట్ట కిటికీ గట్టు మీద ఉంటుంది, హోమ్స్ తలుపు దగ్గర ఉంటాడు, తలుపు దాటి బయటినుంచి గడియ పెట్టేస్తాడు. మాటలతో పని లేని రంగం. వెలుగుతోనే కథ చెప్పడం తర్వాత సినిమాలు అందిపుచ్చుకున్న విద్య. ఇక్కడ అది నాటకశాలలోనే జరిగింది. అంకాల నడుమ దీపాలు మెల్లగా ఆర్పి చీకటి చేయడాన్ని కూడా జిలెట్ ఈ నాటకంలో గట్టిగా వాడుకున్నాడు.

హోమ్స్ అనగానే మన కళ్లముందు మెదిలే రూపంలో జిలెట్ వాటా చాలా ఉంది. ముందూ వెనకా అంచున్న టోపీని చిత్రకారుడు సిడ్నీ పాజెట్ ముందే గీశాడు. వంకర పైపును జనం మనసులో ముద్ర వేసింది జిలెట్. 1903 నుంచి ‘కాలియర్స్’ పత్రికలో కొత్త హోమ్స్ కథలకు బొమ్మలు వేసిన ఫ్రెడరిక్ డోర్ స్టీల్ జిలెట్ ముఖాన్నే నమూనాగా తీసుకున్నాడు. అలా నటుడి ముఖం పుస్తకంలోకి ఎక్కింది.

1905లో లండన్‌లో జిలెట్ ఒక చిన్న ప్రహసనం ఆడాడు. అందులో ఒక ఆడమనిషి హోమ్స్ గదిలో జొరబడి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతూనే ఉంటుంది. హోమ్స్‌కు నోరు తెరిచే సందే ఉండదు. బిల్లీ అనే పనికుర్రాడి వేషం వేసింది పదహారేళ్ల చార్లీ చాప్లిన్. తర్వాత పెద్ద నాటకంలో కూడా అదే వేషంలో జిలెట్ సరసన నటించాడు. మూకీల మహారాజు కాబోయే కుర్రాడు, పలకకుండానే వేదికను ఏలే పెద్ద నటుణ్ని అంత దగ్గరగా చూడటం యాదృచ్ఛికమే. దాని ప్రభావం ఎంతని తూచలేం.

1916లో షికాగోలోని ఎస్సెనే సంస్థ ‘షెర్లాక్ హోమ్స్’ నాటకాన్ని ఏడు రీళ్ల చిత్రంగా తీసింది. దర్శకుడు ఆర్థర్ బెర్తెలెట్. హోమ్స్ శత్రువు మోరియార్టీగా ఎర్నెస్ట్ మోపెయిన్, స్నేహితుడు వాట్సన్‌గా ఎడ్వర్డ్ ఫీల్డింగ్ నటించారు. జిలెట్ నటించిన ఒకే ఒక్క పూర్తి నిడివి చిత్రం ఇదే. కొన్నేళ్లకు అది మాయమైంది. 2014లో సినెమాటెక్ ఫ్రాన్సేజ్ భాండాగారంలో దాని నైట్రేట్ నెగటివ్ దొరికింది. ఫ్రాన్స్‌లో నాలుగు భాగాల సీరియల్‌గా విడుదల చేయడానికి తయారుచేసిన ప్రతి అది. దృశ్యాల నడుమ మాటలు చూపే పలకలు ఫ్రెంచిలో ఉన్నాయి, ఏ దృశ్యానికి ఏ రంగు వేయాలో సూచనలున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో మూకీ చిత్రోత్సవ సంస్థతో కలిసి బాగుచేసి, 2015లో పారిస్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ప్రదర్శించారు. సినిమాగా అది పాతకాలపుదే. కెమెరా చాలాచోట్ల ఒకేచోట నిలబడి నాటకం చూస్తున్నట్టుంటుంది. జిలెట్ మాత్రం పాతబడలేదు. పక్కవాళ్లు కనుబొమలు ఎగరేసి చేతులు ఊపుతుంటే, ఆయన తల కాస్త తిప్పి ఊరుకుంటాడు.

1918లో జె. ఎం. బారీ నాటకం ‘డియర్ బ్రూటస్’లో హెలెన్ హేస్‌తో నటించాక వేషాలు బాగా తగ్గించాడు. కనెక్టికట్ నది ఒడ్డున, కొండ మీద, 1914–1919 మధ్య సొంత నమూనాతో రాతి కోట కట్టించుకున్నాడు. 24 గదులు, తలుపుల చెక్క గడియలు ఒకదానిలా ఒకటి ఉండవు, కింద హాల్లో ఎవరేం చేస్తున్నారో పడకగది దగ్గరనుంచి చూడటానికి అద్దాలు. తోట చుట్టూ మూడు మైళ్ల బుల్లి రైలు, డ్రైవరు తానే. తన తర్వాత ఈ ఇల్లు దాని విలువ తెలియని మూర్ఖుడి చేతిలో పడకూడదని వీలునామాలో ఘాటుగా రాశాడు. 1943లో రాష్ట్ర ప్రభుత్వం కొని పార్కుగా మార్చింది.

76వ ఏట, 1929లో, వీడ్కోలు పర్యటన మొదలుపెట్టి 1932 దాకా హోమ్స్‌గా ఊరూరా తిరిగాడు. ఈ మధ్యలోనే 1930లో రేడియోలో మొదటి హోమ్స్ కూడా అయ్యాడు. 1936లో చివరిసారి వేదికెక్కాడు. మరుసటేడు హార్ట్‌ఫర్డ్‌లోనే చనిపోయాడు.

రచయితగా ఆయన నాటకాల్లో ఎక్కువ భాగం మరుగున పడ్డాయి. నిలిచింది ‘షెర్లాక్ హోమ్స్’ ఒక్కటే. 1922లో జాన్ బ్యారీమోర్ మూకీ చిత్రానికి అదే ఆధారం. 1974లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ జాన్ వుడ్‌తో దాన్ని లండన్‌లో మళ్లీ ఆడించి, బ్రాడ్‌వేకు తీసుకెళ్లింది.