గరాజులో విమానం, దాని గుండెకాయ

పక్కింటాయన గరాజులో విమానం కడుతున్నాడంటే మనకి ముందు నవ్వొస్తుంది, ఆ తరవాత భయం వేస్తుంది. అమెరికాలో ఇదేమంత వింత కాదు. అసలు విమానం పుట్టిందే సైకిల్ షాపులో కదా! రెక్కలూ తోకా ఓపికున్నవాడు ఎలాగో చేసుకుంటాడు. చిక్కంతా ఇంజను దగ్గరే.

రైట్ సోదరులకీ అదే తంటా. తేలికపాటి ఇంజను కావాలని కంపెనీలకి ఉత్తరాలు రాశారు. పనికొచ్చేది ఎక్కడా దొరకలేదు. చివరికి డేటన్‌లోని తమ షాపు మెకానిక్ చార్లీ టేలర్‌కే ఆ పని అప్పగించారు. ఆయన చేతిలో ఉన్నవి ముఖ్యంగా ఒక లేతు, ఒక డ్రిల్ ప్రెస్సు. ఆరు వారాల్లో నాలుగు సిలిండర్ల ఇంజను తయారైంది. బరువు తగ్గాలని క్రాంక్‌కేసుని అల్యూమినియంతో పోతపోయించారు. పెట్రోలుకి పంపు లేదు. పైనున్న డబ్బాలోంచి అదే కిందికి దిగేది. 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుంటే బేరింగుల మీద పెట్రోలు కారి, ఇంజను బిగుసుకుపోయి, క్రాంక్‌కేసు పగిలింది. మళ్ళీ పోతపోయించారు. 8 గుర్రాల శక్తి చాలనుకుంటే కొత్తది 12 ఇచ్చింది. డిసెంబరు 17న ఎగిరింది దానితోనే. సోదరుల పేర్లు మన పిల్లలందరికీ తెలుసు. టేలర్ పేరు ఎంతమంది విన్నారు?

కారు ఇంజను విమానానికి పనికిరాదని 1920ల చివర్లో ఒక పత్రిక సంపాదకుడు తేల్చేశాడు. మినెసోటాలో చెర్రీ గ్రోవ్ అనే పల్లెటూరివాడు బెర్నార్డ్ పీటెన్‌పాల్‌కి ఆ మాట నచ్చలేదు. 40 గుర్రాల ఫోర్డ్ మోడల్ ఎ ఇంజను బిగించి, 1930లో ఎగిరి చూపించాడు. నీళ్ళతో చల్లబడే ఇంజను కనక రేడియేటరు తప్పదు. దాన్ని ఇంజను మీద, సరిగ్గా కళ్ళకెదురుగా నిలబెట్టాడు! పైలట్ దాని పక్కనించి తొంగిచూడాల్సిందే. అందం సంగతి అటుంచి, ఆ నమూనా ఈనాటికీ కడుతున్నారు.

1953లో పాల్ పోబరెజ్నీ మిల్వాకీలో ఇలాంటివాళ్ళకోసం సంఘం పెట్టాడు. దాని వేసవి మేళా 1970 నించి ఆష్‌కాష్‌లో జరుగుతోంది. ప్రభుత్వ నియమం ప్రకారం విమానంలో సగానికి పైగా పని ఔత్సాహికులే చెయ్యాలి. ఇంజను మాత్రం కొనుక్కోవచ్చు. కొన్నాక మిగిలేది బిగింపేగా అనుకుంటాం. అసలు పరీక్ష అదే. ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, వెనకున్న అగ్నిగోడ ఊగదు. అంచేత ఈ రెంటి మధ్యా వెళ్ళే పెట్రోలు గొట్టానికి కాస్త వదులు ఉండాలి. గాలితో చల్లబడే ఇంజనైతే చుట్టూ రేకులు కట్టి, గాలిని సిలిండర్ల మధ్యకి మళ్ళించాలి. సందు వదిలితే గాలి అటే పోతుంది, సిలిండర్లు మాడతాయి. బోల్టుకి చుట్టే లాక్ వైరు బిగింపు వైపే లాగాలి. తిరగేసి చుడితే అది ఉండీ లేనట్టే. బోల్టు బిగించినవాడే రేపు ఆ ఇంజను వెనక కూర్చుంటాడు మరి.

తనిఖీ అయ్యాక కూడా విమానాన్ని కొన్ని గంటలు ఒక హద్దులోనే ఎగరేసి చూడాలి. ఆమోదం పొందిన ఇంజను, ప్రొపెల్లరు జంట అయితే మామూలుగా 25 గంటలు. కారు ఇంజనైతే 40. పీటెన్‌పాల్ వారసులు ఆ పదిహేను గంటలూ అదనంగా తిరుగుతారు. పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకోవడం ఆ తరవాతే.