హైదరాబాద్‌లో ప్రకృతి నైరూప్య చిత్రకళ

కొండ, నీరు, ఆకు, ఆకాశం చూసి, వాటి ఆకారాన్ని ఉన్నదున్నట్టు దించకుండా రంగునీ వెలుగునీ కదలికనీ మాత్రమే కాన్వాసు మీదికి తెచ్చే పద్ధతి ప్రకృతి నైరూప్య చిత్రకళ. హైదరాబాద్‌లో ఇది ముందు తైలవర్ణాల్లో, ఆ తర్వాత అక్రిలిక్‌లోనూ సాగింది. దీనికి నిండు రూపం ఇచ్చినవాడు సూర్యప్రకాష్ (1940–2019). తెలంగాణ చిత్రకళ అనగానే తోట వైకుంఠం గీసిన పెద్ద బొట్టు స్త్రీలు, లక్ష్మాగౌడ్ పల్లె మనుషులు కళ్ల ముందుకొస్తారు. ఆ పేరు వాళ్లకు న్యాయంగా వచ్చిందే. కానీ మనిషి బొమ్మ లేకుండా ఈ నేలనీ నీళ్లనీ గీసిన పాయ కూడా ఇక్కడ అంతే బలంగా పారింది. దానికి రావలసినంత గుర్తింపు రాలేదు.

పోలికకు చూస్తే, ఈ తరహా చిత్రకళ మంగోలియాలో మరో దారిన వచ్చింది. సోషలిస్టు పాలన ఉన్నన్నాళ్లూ అక్కడి తైలవర్ణ చిత్రకళ సోవియట్ శిక్షణలో, సోషలిస్టు వాస్తవికత గీసిన గిరిలోనే నడిచింది. 1990లో ప్రజాస్వామ్యం వచ్చాకే నైరూప్యానికి స్వేచ్ఛ దొరికింది. చెట్టూ చేమా అడ్డులేని గడ్డిమైదానం, దాని మీద విశాలమైన ఆకాశం, రెండూ కలిసేచోట ఒక గీత. అలాంటి నేలను గీసేవాళ్లకు మిగతావన్నీ చెరిపేసినా ఆ గీతను వదులుకోవడం కష్టం. హైదరాబాద్ పరిసరాలు అలా ఉండవు. ఎటు చూసినా గుండ్లు, గుట్టలు, చెరువులు. చూపు దూరానికి పోకముందే దేనికో ఒకదానికి తగిలి ఆగుతుంది. ఇక్కడి చిత్రకారులు దూరాన్ని కాక దగ్గరి ఉపరితలాన్ని పట్టుకోవడానికి ఈ నేల తీరు కూడా ఒక కారణం అనుకోవచ్చు.

తైలవర్ణ చిత్రాలను ఈ ఊరి సామాన్యులు కళ్లారా చూసింది పాతబస్తీలోనే. చార్మినార్‌కు ఆగ్నేయాన ఉన్న మొఘల్‌పురా నుంచి మూసీ వైపు నడిస్తే దివాన్ దేవిడి ప్రాంతం వస్తుంది. నిజాం దివానుగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) జీవితమంతా పోగుచేసిన యూరప్ చిత్రాలు, చైనా, జపాన్ కళాఖండాలు ఆ కుటుంబ భవంతి అయిన ఈ దేవిడీలోనే మ్యూజియంగా మారాయి. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. పుస్తకాల్లో అచ్చయిన బొమ్మ చూసి తైలవర్ణం నేర్చుకోవడం అయ్యే పని కాదు. రంగు ఎక్కడ పలచగా పోయింది, ఎక్కడ గడ్డకట్టినట్టు నిలిచింది, కింది పొర ఎక్కడ తొంగిచూస్తోంది అనేవి అసలు కాన్వాసు ముందు నిలబడితేనే తెలుస్తాయి. ఆ అవకాశం మొఘల్‌పురా, శాలిబండ వాసులకు నడిచి వెళ్లేంత దూరంలో దొరికింది.

అప్పటికే ఊళ్లో చిత్రకళకు పునాది ఉంది. అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. గులాం యాజ్దానీ నడిపిన పురావస్తు శాఖ తరఫున సయ్యద్ అహ్మద్ లాంటి చిత్రకారులు అక్కడి గోడల బొమ్మలకు ప్రతులు రాశారు. 1941లో హైదరాబాద్ ఆర్ట్ సొసైటీ ఏర్పడింది. సుకుమార్ దేవుస్కర్ నడిపిన ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదివిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012), మెహదీ నవాజ్ జంగ్ ప్రోత్సాహంతో శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన పురాణ చిత్రాలకే ఎక్కువ పేరు. నైరూప్యం వైపు నుంచి చూస్తే మాత్రం ఆయన గీసిన దక్కను బండలే ముఖ్యం. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచిన ఆ గుండ్లను ఆయన నాలుగైదు కుంచె దెబ్బల్లో తేల్చేవారు. అది ఇంకా బండే, కానీ బండగా చూడకపోయినా చిత్రంగా నిలబడుతుంది. ఈ ఊళ్లో నైరూప్యానికి తొలి అడుగు అక్కడే పడిందని చెప్పవచ్చు.

కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డి (1915–1996) దారి వేరు. బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, 1941లో మరో నలుగురు యువ చిత్రకారులతో కలిసి అక్కడి ఆధునిక ధోరణికి బాట వేసి, ఆ తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఆయన నైరూప్యం తంత్ర చిహ్నాల వైపు సాగింది, ప్రకృతి అందులో నేపథ్యమే.

గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ (1914–1999) హైదరాబాద్ వాడు కాకపోయినా ఈ చరిత్రలో ఆయనకు చోటుంది. కులూ లోయలోని నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ (1874–1947) ఇంట ఆయన ఉండి వచ్చారు. ఆ రోరిక్ 1926–27 మధ్య మంగోలియా రాజధానిలో గడిపి, తన చిత్రాన్ని ఒకదాన్ని అక్కడి ప్రభుత్వానికి కానుకగా ఇచ్చినవాడు. మంగోలియా కొండల్నీ హిమాలయాల్నీ గీసిన ఆ చేతి ప్రభావం తెలుగు నేలకు సంజీవదేవ్ పాస్టెల్ చిత్రాల ద్వారా చేరింది. మంచు, మబ్బు, లోయ అంచులు వాటిలో రంగు మడతలుగా మిగులుతాయి. ప్రకృతిని చూడటం ఒక సాధన అని తన వ్యాసాల్లో తెలుగువారికి ఓపికగా చెప్పిందీ ఆయనే.

సూర్యప్రకాష్ ఖమ్మం జిల్లా మధిరలో పుట్టారు. హైదరాబాద్ లలితకళల కళాశాలలో చదివి, ఢిల్లీలో రామ్‌కుమార్ దగ్గర పనిచేశారు. రామ్‌కుమార్ 1960లో ఎం.ఎఫ్. హుసేన్‌తో కలిసి కాశీ వెళ్లి, ఆ ఘాట్లనీ ఇళ్లనీ క్రమంగా రంగు పలకలుగా మార్చేసిన చిత్రకారుడు. చూసిన చోటును వదలకుండానే దాని రూపాన్ని వదిలేయడం ఆ గురువు చేసి చూపిన పని. అయితే శిష్యుడు మొదట ప్రకృతి దగ్గరికి వెళ్లలేదు. తుక్కు కింద పడేసిన మోటారు వాహనాలను గీశారు. సొట్టపోయిన రేకు, ఊడిన ఇంజను, తుప్పు. ఆ వరస చిత్రాలతోనే దేశంలో ఆయన పేరు వినబడింది. ఈ తుక్కు నుంచి, తర్వాత గీసిన తామర కొలనుకు ఎలా వచ్చారని చాలామందికి అనుమానం. దగ్గర్నుంచి చూస్తే అది పెద్ద మలుపేమీ కాదు. తుప్పు కూడా గాలీ నీరూ కలిసి ఇనుము మీద చేసే పనే. రేకు మీద ఎరుపు గోధుమలోకి, గోధుమ నలుపులోకి దిగే తీరును పట్టుకున్న కన్నే తర్వాత రాలిన ఆకుల్నీ పట్టుకుంది.

తర్వాతి దశాబ్దాల్లో ఆయన ప్రధాన వస్తువు నీళ్లు. ఈ కాన్వాసుల్లో ఒడ్డు ఉండదు, ఆకాశం ఉండదు. పైనుంచి కిందిదాకా నీటి ముఖమే. ఆకాశం ప్రతిబింబంగా మాత్రమే వస్తుంది, చెట్టు తలకిందులుగా చెదిరి వస్తుంది, వాటి మీద ఎండుటాకులో, కలువ ఆకులో తేలుతుంటాయి. ఏది పైన ఉంది, ఏది అడుగున ఉంది అని కన్ను వెతుక్కుంటూ ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన కలువలతో పోలిక తప్పదు, కానీ ఈ రంగులు మన ఎండకు మండినవి. పసుపు, నారింజ, లోతైన ఆకుపచ్చ పక్కపక్కనే నిలిచి ఒకదాన్నొకటి వెలిగిస్తాయి.

నీళ్లకు తైలవర్ణం ఇంతగా కలిసిరావడానికి దాని స్వభావమే కారణం. అవిసె నూనెతో కలిసిన రంగు ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకు రోజులు పడతాయి. ఆలోగా తడి రంగు మీద తడి రంగు నడిపి అంచుల్ని కరిగించవచ్చు, పాలెట్ నైఫ్‌తో గీకి కింది పొరను బయటికి తీయవచ్చు. అడుగు పొరల్లో టర్పెంటైన్ కలిపి నూనె తక్కువగా, పై పొరల్లో నూనె ఎక్కువగా ఉండాలన్నది తైలవర్ణాలు వాడేవాళ్లు తప్పనిసరిగా పాటించే నియమం. తలకిందులైతే పై పొర ముందే బిగుసుకుని పగుళ్లిస్తుంది. నిమిషాల్లో ఆరిపోయే అక్రిలిక్‌లో ఈ కరుగుదల సాధించడం కష్టం. సూర్యప్రకాష్ అక్రిలిక్‌లోనూ ఆ నీటి మెత్తదనాన్ని తేగలగడం ఆయన చేతికున్న పట్టుకు నిదర్శనం.

బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఆయన్ను ఆస్థాన చిత్రకారుడిగా దశాబ్దాల పాటు తన ప్రాంగణంలోనే ఉంచుకుంది. ఆసుపత్రి గోడల మీద ఆయన చిత్రాలున్నాయి. గ్యాలరీ గడప ఎన్నడూ తొక్కని రైతులు, కూలీలు, పెద్దవాళ్లు చూపు కోసం వచ్చి వాటి ముందు కూర్చుంటారు. నైరూప్య చిత్రం చదువుకున్నవాళ్లకే అన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు ఈ ఊళ్లో మరొకటి లేదు. సూర్యప్రకాష్ 2019 మే 22న హైదరాబాద్‌లో మరణించారు.

ప్రవాసంలో ఇదే భాషను వాడినవాడు గుడివాడకు చెందిన ఎస్.వి. రామారావు. మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ దగ్గర, లండన్ స్లేడ్ స్కూల్‌లో చదివి అమెరికాలో స్థిరపడ్డారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చిత్రాల్లో చోటు గుర్తు కూడా మిగలదు, రంగులు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి.

సూర్యప్రకాష్ చదివిన లలితకళల కళాశాల ఇప్పుడు మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగం. ఆ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. కొత్త చిత్రాలకు మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, బంజారాహిల్స్‌లోని కళాకృతి లాంటి గ్యాలరీలు ప్రదర్శన వేదికలుగా ఉన్నాయి.